అతిథికి పరిచిన చాప

మా ఇంట్లో చేప వేయిస్తే నాకు తోక వస్తుంది. ఇది ఈనాటి మాట కాదు. నడుం ముక్క నాన్నకి, దాని పక్క ముక్క తమ్ముడు జున్‌బేకి, తల అమ్మకి. "తలలోనే ఉందే రుచంతా" అని అమ్మ జీవితమంతా అబద్ధమాడుతూ వచ్చింది. మిగిలిన తోక నాది. నలభై రెండేళ్ల దాన్ని, సున్‌చన్ పట్నంలో సొంతంగా బ్యూటీ పార్లర్ నడుపుకుంటున్నదాన్ని, నా చేతి కింద ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. అయినా సోల్‌మే ఊళ్లో మా గడప తొక్కానంటే నా బతుకు తోకే.

అలాంటిది ఈసారి చుసొక్ పంటల పండుగ ముందు నడుం ముక్క నాన్నక్కూడా దక్కలేదు. అమ్మ దాన్ని తీసుకుని, పాలు మరిచిన పిల్లకి తీసినట్టు ముల్లూ ముల్లూ ఏరి, మారెన్ అన్నం మీద పెట్టింది.

మారెన్ అంటే మా చిన్నాన్న కూతురు. అసలు పేరు సేబ్యల్. వేగుచుక్క అని అర్థం. చిన్నాన్న మాన్‌హో వేట ముగించుకుని తెల్లవారుజామున పడవ తిప్పేటప్పుడు ఏ చుక్కని చూసి ఒడ్డు పోల్చుకునేవాడో ఆ చుక్క పేరే బిడ్డకు పెట్టుకున్నాడు. బిడ్డని కని పిన్ని పోయింది. బిడ్డకి నాలుగేళ్లు వచ్చేసరికి చిన్నాన్నని సముద్రం తీసుకుంది. మా ఇంట్లో అప్పటికే మంచాన పడ్డ నాయనమ్మ, బడికెళ్లే నేను, చంటివాడు జున్‌బే. బియ్యం డబ్బా అడుగు గీకితే చప్పుడొచ్చే రోజులు. నాన్న ఆ పిల్లని బస్సెక్కించి పట్నంలో పిల్లల ఆశ్రమంలో దింపి వచ్చాడు. కాస్త కుదుటపడ్డాక తెచ్చుకుందామనే అనుకున్నాడట. చలికాలం అయ్యాక చిలగడదుంపల మూట భుజాన వేసుకుని చూడబోతే పిల్ల అప్పటికే విమానం ఎక్కేసింది. డెన్మార్క్‌కి దత్తత ఇచ్చేశాం అన్నారు. ఆ దేశం తూర్పునుందో పడమరనుందో నాన్నకి తెలియదు. మూటతోనే తిరిగొచ్చాడు. ఆ దుంపలు మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. కుళ్లిపోయాక అమ్మ పారబోసింది.

నాకు ఆ పిల్ల గురించి గుర్తున్నది ఒక్కటే. నా కుడిచేతి బొటనవేలి కింద మచ్చ. చేప తోక దగ్గర గొడవొచ్చి ఆ రాక్షసి కరిచిన మచ్చ.

పోయినేడాది నాన్న ఎవరికీ చెప్పకుండా పోలీసు స్టేషన్‌కి పోయి రక్తసంబంధం తేల్చే పరీక్షకి ఉమ్మి ఇచ్చి వచ్చాడు. అక్కడ డెన్మార్క్‌లో ఆల్‌బోర్ అనే ఊళ్లో సిటీ బస్సు నడుపుకునే ఒకావిడ కూడా ఉమ్మి ఇచ్చింది. రెండు ఉమ్ములూ కలిశాయి. అదీ కథ.

వచ్చింది. చూద్దును కదా, అచ్చం మా చిన్నాన్న ఫొటోకి పొట్టి జుట్టు పెట్టినట్టుంది. భుజాలు బస్సు డ్రైవర్ భుజాలు. అక్కడ సాయంత్రం బడిలో మూడేళ్లు మన భాష నేర్చుకుందట. ఆ నేర్పినవాళ్లెవరో గానీ పాత రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. మొదటి రోజు మా అమ్మ ముందు మోకరిల్లి, "పెద్దమ్మగారూ, మిమ్ములను కలుసుకొనుట వలన నా హృదయము మిక్కిలి సంతసించుచున్నది" అంది. అమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ ఒకేసారి చేసింది.

ఇక మొదలైంది మా ఇంట్లో మర్యాద. అబ్బో, ఏం మర్యాద! మెత్తటి దిండు ఆమెకి. కొత్త దుప్పటి ఆమెకి. పళ్లు కోస్తే తొక్క తీసిన పియర్ ముక్కలు ఆమెకి, గింజలున్న నడిమి గట్టిభాగం నాకు. ఆమె వెల్లుల్లి ఒలవడానికి చెయ్యి చాపితే అమ్మ లాక్కునేది. "అయ్యో, మీకెందుకమ్మా! ఒసే ఉన్‌సిల్, అక్కడేం చూస్తున్నావ్, వచ్చి ఒలువ్!" గిన్నె కడగబోతే జున్‌బే పరుగెత్తుకొచ్చి గిన్నె పట్టుకునేవాడు. వాడు గిన్నె పట్టుకోవడం నేను పుట్టాక అదే చూడటం. ఇక ఊళ్లోవాళ్లు వరసగా వచ్చి ఆమె అన్నం తింటుంటే చుట్టూ కూర్చునేవారు. "అరెరె, రెండు పుల్లలతో ఎంత చక్కగా అన్నం తింటోందో! కిమ్చీ పచ్చడి కూడా తింటోందే! కారం లేదామ్మా?" అంటూ ఒకటే మెచ్చుకోలు. ముప్పై తొమ్మిదేళ్ల ఆడమనిషి అన్నం తిన్నందుకు చప్పట్లు కొట్టే ఊరు మాదొక్కటే అయ్యుంటుంది.

అందరికన్నా మా నాన్న సంగతి అన్యాయం. ఊరంతటినీ నోటితో దున్నిపారేసే మనిషి. పంచాయతీ పెద్దని "ఒరేయ్" అంటాడు. అలాంటి మాన్‌గిల్ గారు తమ్ముడి కూతురి ముందు చేతులు కట్టుకుని "మీరు భోంచేశారా అమ్మా, మీరు నిద్రపోయారా అమ్మా" అంటూ బ్యాంకులో అప్పుకొచ్చినవాడిలా నిలబడేవాడు. కళ్లెత్తి చూసేవాడు కాదు.

తిరుగు టికెట్టు దగ్గర పడుతోంది. ఒక సాయంత్రం సముద్రపు గట్టు మీద మేమిద్దరం కూర్చున్నాం. నేను అమ్మకి తెలియకుండా ఎండు స్క్విడ్, అదే పది కాళ్ల సముద్రపు జీవిని, తెచ్చాను. తలో కాలూ పీకి నములుతున్నాం.

"అక్కా," అంది మారెన్, "నేను ఒక కార్యము నిమిత్తము వచ్చితిని."

"చెప్పు. మామూలుగా చెప్పు తల్లీ, దవడలు నొప్పెడతాయి."

ఆమె నవ్వి, మాటలు వెతుక్కుంటూ నిదానంగా చెప్పింది. "నాన్న సమాధి మీద గడ్డి నా చేత్తో కొయ్యాలి. పండుగ ముందు పిల్లలు కోస్తారట కదా. నేను పిల్లను కదా. పెదనాన్నను అడిగాను. 'మీరు అతిథి, మీరు కూర్చోండి, మీ చేత కొడవలి పట్టిస్తే ఊరు నవ్వుతుంది' అన్నారు."

"మా నాన్నకి బుద్ధి లేదులే."

"వినుము. ఆల్‌బోర్‌లో నా బస్సు ఎక్కేవాళ్లు రోజూ అంటారు, 'మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నావ్, ఎప్పుడొచ్చావ్ మా దేశానికి' అని. నాకు అది తప్ప వేరే భాష రాదు అప్పటికి. అక్కడ ముప్పై అయిదేళ్లు అతిథిని. ఇక్కడికొస్తే పుల్లలతో తిన్నావని మెచ్చుకుంటున్నారు. ఇక్కడా అతిథినే." స్క్విడ్ కాలు చేతిలోనే ఉండిపోయింది. "అక్కడ నన్ను తిట్టినవాడు ఒక్కడే, మా డెన్మార్క్ నాన్న. సైకిల్ వానలో వదిలేశానని ఎంత తిట్టేవాడో! ఆయన తిట్టినప్పుడే నేను ఆ ఇంటిదాన్ని అనిపించేది. ఆయన పోయాడు. ఇప్పుడు ఎక్కడా ఎవరూ తిట్టరు. అక్కా, ఇక్కడ కూడా అతిథినే అయితే నేను మళ్లీ రాను. టికెట్టు పెట్టుకుని ఇంత దూరం అతిథిగా ఎందుకు? అతిథిగా ఉండటం అక్కడ ఇంకా చవక."

నవ్వుతూనే అంది. చేతి మీద మచ్చ చూపించి, "ఇదిగో, నువ్వు చేసిన ఘనకార్యం. అతిథులు ఇలా కరుస్తారటే?" అన్నాను. ఆమె ఆ మచ్చని వేలితో తడిమి చూసింది.

మరునాడు పొద్దున్నే బయల్దేరాం. కొడవళ్లు, దంతెపారలు, జున్‌బే భుజాన గడ్డి కోసే మిషన్, ఒక సంచీలో ఎండు చేప, పళ్లు, సీసాల్లో బియ్యపు కల్లు. కొండ ఇటు వాలులో తాతముత్తాతల సమాధులు వరసగా ఉంటాయి. అక్కడ పని త్వరగానే తెమిలింది. చిన్నాన్న మాత్రం ఆ వరసలో లేడు. కన్నవాళ్ల కంటే ముందు పోయినవాడికి మాలో వరసలో చోటివ్వరు, రాయి నిలపరు. అందుకని సముద్రం ఒడ్డుకి చేర్చిన శవాన్ని కొండకి అటువైపు, సముద్రం కనిపించే వాలులో ఒక మట్టిదిబ్బ కింద పెట్టారు. నాన్నకి మనసొప్పక, చిన్నాన్న పడవలోని లంగరు రాయి, తాడు దూర్చే కన్నమున్న నల్లరాయి, మోసుకొచ్చి తలాపున పాతాడు.

"ఆ రాయి పాపం పెద్ద తుపానులో కొట్టుకుపోయింది," అన్నాడు నాన్న నడుస్తూ. "దారి కూడా పోయింది. కొండచరియ విరిగిపడింది. అయినా నాకేం? కళ్లు మూసుకుని పోతాను. తుపాను తర్వాత ఏటా నేనొక్కణ్నే రావడం లేదూ?"

నిజమే. అటు వాలుకి నాన్న ఎవరినీ రానిచ్చేవాడు కాదు. తమ్ముడితో మాట్లాడుకోవాలని ఆయన బాధ. మాకు తెలుసు, అడిగేవాళ్లం కాదు.

మెట్టెక్కి దిగగానే మోకాలెత్తు గడ్డిలో గుండ్రటి దిబ్బ కనిపించింది. నాన్న టోపీ తీశాడు. "ఇదే," అన్నాడు. దిబ్బకి కాస్త కింద అడవి తీగ గుబురుగా అల్లుకుని, మనిషెత్తున పొదలా నీడ పడుతోంది. నాన్న ఆ నీడలో చాప పరిచి, దాని మీద దిండు వేసి, రెండు చేతులతో చూపించాడు. "మీరు ఇక్కడ కూర్చోండమ్మా. ఎండ తగలదు. వెనక్కి ఆనుకోండి, మెత్తగా ఉంటుంది."

"పెదనాన్నగారూ, కొడవలి..."

"అబ్బెబ్బే! మీరు చూస్తుండండి. అదే పదివేలు."

మారెన్ నావైపు చూసింది. నేను నోరు తెరవబోతే అమ్మ నా నడుం మీద గిల్లింది. ఆమె వెళ్లి ఆ చాప మీద పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా కూర్చుంది, తీగల గుబురుకి వీపు ఆనించి. నాకు ఒళ్లు మండిపోయింది. దంతెపార తీసుకుని గడ్డి మీద నా కసి తీర్చుకున్నాను.

ఈ సమాధికి మిషన్ వాడనివ్వడు నాన్న. కొడవలితోనే, అంచులు గుండ్రంగా, క్షవరం చేసినట్టు చేస్తాడు. నేను జుట్టు కత్తిరించేదాన్ని, నాకు తెలుస్తుంది ఎవరి చెయ్యి ప్రేమగా పడుతోందో. పని అయ్యాక ఎండు చేప పెట్టి, కల్లు పోసి, నేలకి నుదురానించి మొక్కాం. అప్పుడు మారెన్‌ని పిలిచాడు. ఆమె వచ్చి రెండుసార్లు వంగి మొక్కి, తల ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి. నాన్న దిబ్బ మీద అరచెయ్యి వేసి గట్టిగా అన్నాడు:

"ఒరేయ్ మాన్‌హో! లేచి చూడరా! నీ చుక్క వచ్చిందిరా! ఇన్నేళ్లూ ఏటా వచ్చి ఏ మొహం పెట్టుకుని మాట్లాడానో నీకే తెలుసు. ఇప్పుడు చూడరా!"

అంతే, అందరం గొల్లుమన్నాం. అమ్మ రొమ్ము కొట్టుకుంది. జున్‌బే మిషన్‌ని కౌగిలించుకుని ఏడ్చాడు. నేను దంతెపార మీద వాలి ఏడ్చాను. కొండ దద్దరిల్లేలా ఏడుస్తున్నామా, వెనక నుంచి ఒక గొంతు:

"ఎవరండీ మీరు? మా అత్తగారి దగ్గర ఏడుస్తున్నారేంటి?"

తిరిగి చూస్తే పూలటోపీ పెట్టుకున్న ముసలమ్మ. ఆమె వెనక భుజాన గడ్డి మిషన్‌తో, చేతిలో పారతో యాభై ఏళ్ల కొడుకు. వాళ్ల సంచీలోంచి కూడా ఎండు చేప తోక బయటికి పొడుచుకొచ్చి ఉంది.

నాన్న కళ్లు తుడుచుకుని లేచాడు. "అత్తగారేంటి? ఇది నా తమ్ముడు!"

"తమ్ముడా! మా అత్తగారు నలుగురిని కన్నది, ఎవరికో తమ్ముడెలా అవుతుందయ్యా? తాక్ వారి ఇంటి కోడలు ఆవిడ. నా చేతుల మీద పోయింది. నేనే ఇక్కడ పెట్టించాను."

"పొరపాటు పడ్డావమ్మా, వయసు మీద పడింది పాపం."

"నీకు మాత్రం మీసాలు ఇప్పుడే మొలుస్తున్నాయా?"

వాళ్ల అబ్బాయి మిషన్ దించి, దిబ్బ కాళ్లవైపు పార గుచ్చి మట్టిగడ్డ ఎత్తాడు. కింద చిన్న పలకరాయి. దాని మీద అక్షరాలు. తాక్ వారిదని, ఆవిడ పుట్టింటి పేరుతో సహా. నాన్న వంగి చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి చదవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ముసలమ్మ ఉన్నట్టుండి రెండు చేతులూ చరిచింది. "అయితే నువ్వేనా! తుపాను ఏడాది నుంచి మేమొచ్చేసరికి ఎవరో గడ్డి కోసి, కల్లు పోసి, ఎండు చేప పెట్టి వెళ్తున్నారు. ఇంత ప్రేమగా చేసేది ఎవరా అని మా ఇంట్లో పెద్ద గొడవ! మా అత్తగారికి వయసులో ఎవరో ఉండేవాడని మా ఆడపడుచు పుకారు లేపింది. దాని మీద మా మరిది రెండు పండుగలు మా ఇంటికి రాలేదు!"

"పైగా ఈసారి దొంగని పట్టుకుందామనే తొందరగా వచ్చాం," అన్నాడు కొడుకు. "అమ్మ అయితే ఆ పెద్దాయనకి పెట్టడానికి రొట్టెలు కూడా తెచ్చింది."

జున్‌బేకి నవ్వు ఆగలేదు. అమ్మ వాడి నెత్తిన ఒకటి ఇచ్చి తనూ నవ్వింది. నేను కింద కూర్చుండిపోయి నవ్వాను. ఇంత సేపు ముక్కు చీదుతూ ఏడ్చింది ఎవరి అత్త కోసం!

నాన్న మాత్రం నవ్వలేదు. ముఖం మట్టిరంగయింది. "మరి నా తమ్ముడేడి?" అన్నాడు.

"ఈ వాలులో ఇంకొకటి ఉండాలి," అంది ముసలమ్మ. "తుపాను ముందు చూసిన గుర్తు. తర్వాత ఎవరూ రాక తీగలు మూసేశాయి. దిక్కులేని సమాధి పాపం అనుకునేదాన్ని, పోతూ పోతూ కాసిని కల్లు చిలకరించేదాన్ని. ఇదిగో," అని చెయ్యి చాపింది, "మీ పిల్ల ఆనుకుని కూర్చుందే, అది."

అందరం అటు తిరిగాం. చాప పరిచి ఉంది. దిండు ఉంది. దిండు వెనక తీగల గుబురులో మారెన్ వీపు ఆనించినచోట ఇంకా గుంట పడి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మొదట కదిలింది జున్‌బే. చేతులతోనే తీగలు లాగాడు. తాక్ వాళ్ల అబ్బాయి వచ్చి సాయం పట్టాడు. కింద గుండ్రటి మట్టి బయటపడింది. తలాపున, వేళ్ల మధ్య ఇరుక్కుని, కన్నమున్న నల్లరాయి. తుపాను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఉన్నచోటే ఉంది.

నాన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. "దిక్కులేని సమాధట. విన్నారా? వాడు బిడ్డని చూసుకోమని నాకిచ్చిపోతే దాన్ని పోగొట్టాను. వాణ్ని వాడి దిబ్బతో సహా పోగొట్టాను. ఎవరి అత్తకో క్షవరం చేస్తూ కూర్చున్నాను. నేనేం అన్నని? నేనేం మనిషిని?" తల రాయికేసి కొట్టుకోబోయాడు. అమ్మ పట్టుకుంది. ఇక ఆగలేదు ఆయన. గుక్కపట్టి ఏడుస్తున్నాడు, డెబ్బై దాటిన మనిషి.

మారెన్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది. నోరు తెరిచింది. మొదట డెన్మార్క్ భాషలో ఏదో అంది, మంచి మాట కాదని అర్థమైంది. ఆ తర్వాత రేడియో వార్తలు ఎక్కడికి పోయాయో పోయాయి.

"చాలు! ఏడుపు ఆపు!"

నాన్నని అలా అన్నవాళ్లు ఈ భూమ్మీద లేరు.

"నీ మీద నాకు కోపముంది," అంది. "చాలా ఉంది. ముప్పై అయిదేళ్ల కోపం. అది ఇంకో రోజు తిడతాను. కూర్చోబెట్టి తిడతాను. అక్క దగ్గర తిట్లు నేర్చుకుని వచ్చి తిడతాను. ఈ రోజు కాదు. ఈ రోజు పనుంది." ఊపిరి తీసుకుంది. ముసలమ్మ వైపు చెయ్యి చూపించింది. "వేరేవాళ్ల అమ్మకి గడ్డి కోశావు. అయితే? ఎంత గుండ్రంగా కోశావు! డెన్మార్క్‌లో ఒకామె వేరేవాళ్ల పిల్లకి రోజూ జడ వేసింది. చిక్కు తీసి, మెల్లగా. పొరపాటు ఇల్లే. జడ మాత్రం బాగా వేసింది. ఆమె మా అమ్మే. దాన్ని వట్టిది అంటే నేను ఒప్పుకోను. ఇది కూడా వట్టిది కాదు." నాన్న ముందుకి అరచెయ్యి చాపింది. "కానీ ఈ దిబ్బ నాది. మా నాన్నది. కొడవలి ఇవ్వు."

నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత మొదటిసారి ఆ పిల్ల కళ్లలోకి చూడటం. చెయ్యి దానంతటదే వెళ్లి నడుముకున్న కొడవలి తీసి ఇచ్చింది.

ఆమె తీసుకుని దిబ్బ పక్కన గొంతుకూర్చుంది. తీగమొదలు ఎడమచేత్తో పట్టుకుని, కొడవలి తన వైపుకే, సరిగ్గా మోకాలి చిప్ప వైపుకే, బస్సు గేరు లాగినట్టు ఒక్క లాగు లాగింది.

"ఒసేయ్!" నాన్న అరుపుకి చెట్ల మీది కాకులు లేచాయి. "ఏంటే అది! గడ్డి కోస్తున్నావా, కాలు కోసుకుంటున్నావా? బుర్ర ఉందా నీకు? ఎడంకాలు వెనక్కి పెట్టు! వెనక్కి! అది ఎడమా? కొడవలి పక్కకి పోవాలి, నీ మీదికి కాదు! అంత లావు భుజాలున్నాయి, ఏం లాభం! ఎవరే నీకు నేర్పింది?"

"ఎవరూ నేర్పలేదు!" అని ఆమె కూడా అరిచింది. "నువ్వు కూర్చోబెడితే ఎలా వస్తుంది?"

"ఎదురు మాట్లాడకు! మళ్లీ పట్టు! అలా కాదే మొద్దూ, ఇలా!"

అప్పుడు ఆగిపోయాడు. ఏమన్నాడో ఆయన చెవులకి అప్పుడే అందినట్టుంది. చెయ్యి గాల్లో ఉండిపోయింది. మారెన్ నావైపు తిరిగింది. బుగ్గ మీద మట్టి, జుట్టులో తీగముక్క, నోరు చెవులదాకా సాగి ఉంది.

"అక్కా," అంది, "విన్నావా? నన్ను మొద్దు అన్నాడు!"

"విన్నాను లేవే. నన్ను రోజుకి పదిసార్లు అంటాడు. ఏం మురిసిపోనక్కర్లేదు," అన్నాను. అని, దంతెపార తీసుకుని అటు తిరిగిపోయాను. నా ఏడుపు వాళ్లు చూడటం నాకిష్టం లేదు.

మధ్యాహ్నం దాకా కోసింది. నాన్న పక్కనే నిలబడి తిడుతూనే ఉన్నాడు. మొదట్లో కాస్త మెల్లగా, రుచి చూస్తున్నట్టు తిట్టాడు. తర్వాత పాత ఊపు వచ్చేసింది. అంచులు వంకర అన్నాడు, ఎలుక కొరికినట్టుందన్నాడు, మాన్‌హో కూడా ఇంతే పనికిమాలినవాడు, అచ్చం వాడి చెయ్యే వచ్చిందన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కోసింది. నిజం చెప్పాలంటే నా పార్లర్‌లో ఎవరైనా అలాంటి క్షవరం చేస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తాను. దిబ్బ ఒక పక్క బోడి, ఇంకో పక్క కుచ్చు. మా చిన్నాన్న ఏమీ అనుకోడులే అనుకున్నాం.

తాక్ వాళ్లు కూడా మాతోపాటు మొక్కారు. ముసలమ్మ తెచ్చిన రొట్టెలు నాన్న చేతిలో పెట్టి, "మా అత్తగారి వరసలో నీకేమవుతానో గానీ, వచ్చే ఏడాది కూడా ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడిపో అయ్యా. అలవాటు పడిపోయి ఉంటుంది," అంది. నాన్న మెడదాకా ఎర్రబడ్డాడు. అమ్మ వాళ్లిద్దరినీ సాయంత్రం భోజనానికి రమ్మంది.

ఇంటికి రాగానే మారెన్ దిండు మీద కూర్చోబోయింది. "కూర్చుంటే అన్నం ఎవరు వండుతారు?" అంది అమ్మ, వెల్లుల్లి గంప ఆమె ఒళ్లో పడేసి. జున్‌బే గిన్నెలు ఆమెకి అప్పజెప్పి టీవీ ముందు కాళ్లు చాపాడు. నేను వాడి చెవి పట్టుకుని లేపాను, అది వేరే సంగతి.

భోజనాల దగ్గర అమ్మ వేయించిన చేప తెచ్చింది. మా అందరి కళ్లూ నడుం ముక్క మీదే. అమ్మ దానికి ముళ్లు ఏరి, ఏరి, తాక్ ముసలమ్మ అన్నం మీద పెట్టింది. "అయ్యో నాకెందుకండీ," అంటూనే ఆవిడ తినేసింది. ఇంకో ముక్క వాళ్ల అబ్బాయికి. ఇంకోటి నాన్నకి. ఇంకో ముక్క జున్‌బేకి. తల అమ్మకి. పళ్లెంలో తోక ఒక్కటి మిగిలింది.

నేను చెయ్యి చాపాను. నా హక్కు కదా. అటు నుంచి ఇంకో చెయ్యి వచ్చింది, కొడవలి పట్టి బొబ్బలెక్కిన చెయ్యి. ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం.

"వదులు," అన్నాను.

"నువ్వే వదులు," అంది.

"నలభై ఏళ్లుగా నాది ఇది!"

"నాకు ముప్పై అయిదేళ్ల బాకీ!"

"తిండి దగ్గర ఏంటే ఆ గోల, ఇద్దరికీ సిగ్గులేదా!" అని నాన్న చెంచాతో బల్ల మీద కొట్టాడు. "అతిథులున్నారు ఇంట్లో!"

ఆ మాట వినగానే సేబ్యల్ నా కళ్లలోకి చూసింది. నా చేతి పట్టు కొంచెం సడలింది. అదను చూసి తోక లాక్కుని, ముల్లుతో సహా నోట్లో పెట్టుకుంది. ఈసారి కరవలేదు.